ఏమీ తినని రోజులు

వడ్లమూడి దగ్గర పరిశోధన చేసే రోజుల్లో అంగలకుదురులో మా మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. అత్తయ్యకు షుగర్. నా పరిశోధన కూడా షుగర్ మీదే, కాకపోతే ఎలుకల్లో. "మీ ఎలుకలకి ఏం పెడుతున్నారే, వాటిక్కూడా వచ్చింది?" అని ఏడిపించేది.

వాటికి జబ్బు తెప్పించింది మేమే, సూది మందుతో. జబ్బు చేసిన ఎలుకలు సీసాలకు సీసాలు నీళ్లు తాగేవి. బోనుల కింద పొట్టు మూత్రంతో తడిసి ముద్దయ్యేది, అందులోని చక్కెరకు చీమలు పట్టేవి. మేత ఆపి పొద్దున్నే రక్తం చూసినా చక్కెర దిగేది కాదు. కాలేయం తీసి పరీక్షిస్తే కారణం తెలిసేది. చక్కెరను వాడుకునే ఎంజైములు నీరసించి, చక్కెరను తయారుచేసే ఎంజైములు రెచ్చిపోయి ఉండేవి. కడుపులో మెతుకు లేకపోయినా కాలేయం చక్కెర చేస్తూనే ఉంటుంది. ఆ కాలేయాలంటే నాకు ఒళ్లు మండేది. ఎవరడిగారు వాటిని?

కార్తీకం వచ్చింది. సోమవారాలు చుక్క కనపడేదాకా అత్తయ్య మంచినీళ్లు తప్ప ఏమీ నోట్లో వేసుకోదు. షుగర్ మాత్ర కూడా వేసుకోదు.

"తిండే లేనప్పుడు మాత్రెందుకే? షుగర్ ఎక్కడి నుంచి వస్తుంది?"

"కాలేయమే చేస్తుంది అత్తయ్యా. ఎలుకల్లో రోజూ చూస్తున్నాను."

"నేను ఎలుకనా ఏంటి?" అని నవ్వేసింది.

ఆ ఏడాది సోమవారాలతో ఆగలేదు. నెలంతా పగటి ఉపవాసం మొదలుపెట్టి, మాత్రల డబ్బాను దేవుడి గూట్లో పెట్టేసింది. ముఖం పీక్కుపోతుంటే ఒళ్లు తేలికైందని మురిసిపోయింది. మంచినీళ్ల బిందె మధ్యాహ్నానికే అడుగంటేది. ఒకరోజు స్నానాల గది తూము దగ్గర చీమల బారు చూశాను. బోనుల కింద రోజూ చూసేదే.

బతిమాలాను, వినకపోతే కసిరాను. చివరికి ఆటో ఎక్కించి తెనాలిలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. నర్సు వేలు గుచ్చి మిషన్ చూసింది. నమ్మకం కుదరక ఇంకో వేలు గుచ్చింది.

"పొద్దున్న ఏం తిన్నారండి?"

"ఏమీ తినలేదమ్మా. కార్తీకం కదా."

నర్సు డాక్టరు గదిలోకి పరుగెత్తింది. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. ఆయాసంతో మాట తెగిపోతోంది.

"నీకు తెలుసుగా... ఏమీ తినలేదు. మరి ఇంత షుగర్ ఎక్కడి నుంచి వచ్చిందే?"

ఆమె ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. అలా ఊపిరి పీల్చిన ఏ ఎలుకనూ మర్నాడు నేను బోనులో ప్రాణంతో చూడలేదు.