గోడవైపు తిరిగిన పుస్తకాలు

నిజామాబాద్‌లో మేము కట్టుకున్న ఇంటి ముందుగదికి బాపు పుస్తకాలే అందమని నేను పునాది రోజునే అనుకున్నాను. బాపు అంటే మా నాన్న, బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేశాడు. చెరుకు సీజన్‌లో ఒళ్లంతా బెల్లం వాసనతో వచ్చి, చేతులు కడుక్కుని, మనసంటే ఏమిటి, చావంటే ఏమిటి అనే పుస్తకాలు చదివేవాడు. అన్నీ పాత పుస్తకాల బండి మీద ఏరుకొచ్చినవే. నడిమి పేజీ ఒకటి తెరిచి నిలబడే చదివేవాడు. మూసేశాక కూడా ప్రశ్న తలలో తిరుగుతుంటేనే ఇంటికి తెచ్చేవాడు.

బాపు పోయాక వాటిని చూసుకున్నది మా అవ్వ. కన్నతల్లినే మేము అవ్వ అంటాం. ఆమెకు అక్షరం ముక్క రాదు. అయినా ఏటా ఎండాకాలం మేడ మీద గోనెసంచులు పరిచి, పుస్తకాలు విప్పి నీడన ఆరబెట్టేది. "ఎర్రటెండల పెడితే అట్ట వంగుతది బిడ్డా" అనేది. పురుగు పట్టకుండా ఎండు వేపాకు, పసుపు కొమ్ములు సందుల్లో దోపేది. కాగితానికి పసుపు అంటుతుందని నేను గొడవపడ్డాను. నా మాట వింటేనా! ఇప్పుడు అన్నిటి అంచులూ పచ్చబడ్డాయి.

అల్మారాలో నిలబెడితే కనిపించే అట్ట వీపు చూసి ఆమె ఏ పుస్తకం ఏదో చెప్పేస్తుంది. ఒకటి చిరిగింది, ఒకదానికి నూనె మరక, ఒకటి బీడీ నిప్పుకు కాలింది.

గృహప్రవేశానికి వారం ముందు మా ఆడబిడ్డ కుదిర్చిన ఇంటీరియర్ అతను వచ్చాడు. అల్మారాలో బుద్ధుడి తల బొమ్మ ఒకటి పెట్టాడు. పుస్తకాల వీపులు గోడ రంగుకు కలవడం లేదన్నాడు. "ఎనకకు తిప్పుదాం మేడమ్, అన్నీ క్రీమ్ కలర్ కనిపిస్తయి. ఇప్పుడందరు గిట్లనే పెడుతున్నరు." పక్కనే ఉన్న ఆడబిడ్డకు ఎదురు చెప్పలేక సరే అన్నాను. ఆ సరే తలుచుకుంటే నా మీద నాకే మండుతుంది.

గృహప్రవేశం పొద్దున చుట్టాలంతా ముందుగదిలో ఉన్నారు. అవ్వ అల్మారా ముందు నిలబడి పుస్తకాల మీద వేలు అటూ ఇటూ నడిపింది. ఒక్కటీ గుర్తుపట్టలేకపోయింది. బుద్ధుడి తల చూసి, "గీయన పెయ్యి ఏడవోయింది?" అంది. ఒళ్లు లేని తలేమిటన్న ఆ ప్రశ్నకు అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. నావైపు తిరిగి, "మీ బాపును గోడకు మొఖం చేసి నిలవెట్టినవా?" అంది.

పట్టుచీర కొంగు నడుముకు దోపి, ఒక్కో పుస్తకం ఇటు తిప్పడం మొదలుపెట్టాను.

"నీకేమన్న పిచ్చి లేసిందా? మంచిగున్నయి గదా!" అంటూ ఆడబిడ్డ నా చేతిలోని పుస్తకం లాక్కుంది. చావు గురించి రాసిన పుస్తకం అది. ఆ మాట అట్ట మీదే పెద్దక్షరాలతో ఉంది. "శుభమా అని ఇంట్లకు వస్తుంటే గిది ఎదురుంగ పెడ్తవా? సజ్జ మీద పారెయ్."

"పెడ్త వదినా, ఎదురుంగనే పెడ్త. నీ తమ్ముడు, నేను కట్టుకున్న ఇల్లిది. మా బాపు పుస్తకాలు సజ్జ ఎక్కయి. కావాల్నంటే ఆ తలకాయ నువ్వే తీస్కపో" అన్నాను. మా ఆయన నేల చూశాడు.

అవ్వ ఆడబిడ్డ చేతిలోంచి పుస్తకం మెల్లగా తీసుకుంది. బీడీకి కాలిన చోట బొటనవేలితో రాసింది.

"బిమారి వడ్డప్పుడు ఆయన గిదే సదివి నాకు ఇనిపిస్తుండె. సదివి సదివి ఆయన భయం పోగొట్టుకున్నడు బిడ్డా. నాది ఇంకా పోలే. కండ్ల ముంగట ఉండనియ్."

అవ్వ చేతిలోంచి పుస్తకం అందుకున్నాను. గడప దాటగానే కనిపించేలా, అట్ట బయటికి పెట్టి ఆ పుస్తకాన్ని నిలబెట్టాను. చూసి మొహం చిట్లించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చిట్లించనీ. రోజూ పొద్దున చాయ్ తాగాక అందులోంచి ఒక పేజీ అవ్వకు చదివి వినిపిస్తున్నాను, వీధి తలుపు బార్లా తెరిచిపెట్టి.