టెంపోలో రెండు సీట్లు

ప్రొద్దుటూరు బస్టాండులో పొద్దున ఎనిమిదీ పదికి జమ్మలమడుగు బస్సు ఎక్కగానే పార్థసారథి తన క్యారియర్ సంచిని పక్క సీట్లో పెడతాడు. రెండు స్టాపుల తర్వాత ఎక్కే మహబూబ్ బాషా కోసం. జమ్మలమడుగులో ఇద్దరిదీ ఒకే ప్రభుత్వ కార్యాలయం. పదిహేడేళ్లుగా పక్కపక్క టేబుళ్లు.

మనాలి మాట మొదట ఎత్తింది బాషానే. ఆ ఏడు మార్చిలోనే ఎండ నలభై దాటింది.

"సామీ, ఒక్కతూరి మంచు చూసి సచ్చిపోదాం. ఈ నాపరాళ్ల మీద వేగింది చాలు."

"చావడానికి అంత దూరం ఎందుకు? మే నెల రానీ, ఈడే పోతావు" అన్నాడు పార్థసారథి.

మూడో రోజుకల్లా బాషా మనాలిలో ఒక హోటలు నంబరు, ఢిల్లీ నుంచి కొండ మీదికి తీసుకుపోయే టెంపో డ్రైవరు నంబరు సంపాదించాడు. ఇంట్లో మాట్లాడే ఉర్దూతోనే రెండుచోట్లా బేరమాడాడు. పార్థసారథికి హిందీలో పదిదాకా అంకెలు వచ్చు, అంతే. బండికి పన్నెండు సీట్లు. బాషా, ఆయన భార్య ఖమర్‌బీ ఇద్దరు. మిగతావాళ్లను పార్థసారథి తన బంధువుల్లో పోగేయాలి. ఖమర్‌బీ అప్పుడే స్వెట్టర్ల కోసం బజారుకు పోయిందట. ఎండాకాలంలో స్వెట్టర్లేందమ్మా అని షాపతను నవ్వాడట. బాషా ఆ సంగతి ఆఫీసులో నలుగురికీ చెప్పుకున్నాడు.

ఉత్తరాది యాత్ర అంటే ఈ వైపు వాళ్లు వంటమనిషిని వెంటబెట్టుకుని పోతారు. బియ్యం, చింతపండు, పొడులు, ఊరగాయలు మూటలు కట్టుకుంటారు. పులివెందులలో అర్చకత్వం చేసే భార్య అన్న శేషాచార్యులు వంటాయన్ని తానే తెస్తానన్నాడు. ఆదివారం ప్రొద్దుటూరు వచ్చి, కాఫీ తాగి, అసలు మాట బయటపెట్టాడు.

"బావా, వంటాయన మడితో చేస్తాడు. అందరం ఒకే పంక్తిలో తినాల. ఆ సాయిబు వాళ్లుంటే మేం రాలేం. మీ ఇష్టం."

"బాషా శానా మంచోడు బావా."

"కాదని ఎవరన్నారు?"

పార్థసారథి తన భార్య రాధమ్మ వైపు చూశాడు. "అన్న రాకపోతే వంటాయన రాడు. వంట నా నెత్తిన పడుతుంది. అంత దూరం పోయి ఆడ కూడా పొయ్యి దగ్గర్నే నిలబడాల్నా?" అంది. ముప్పై ఏళ్లలో ఆమె కోరిన మొదటి సెలవు అది. ఆమె అడిగింది అన్యాయం కాదు. అందుకే పార్థసారథికి ఒప్పుకోవడం మరీ సులువైంది.

వంటాయనతో కలిపి మొత్తం పదిమంది తేలారు. ఇంకా రెండు సీట్లు ఖాళీ.

సోమవారం బస్సులో పార్థసారథి కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. "మా బావ వాళ్లంతా వస్తామంటాండారు బాషా. పన్నెండు సీట్లూ నిండిపాయె. ఏమనుకోవద్దు."

"దాందేముంది సామీ. ఇంటోళ్లు ముందు. మేం వచ్చే ఏడు పోతాంలే" అన్నాడు. తర్వాత, "డ్రైవరుతో నేనే మాట్లాడతా. నీకు హిందీ యాడొస్తాది" అన్నాడు.

గండం గడిచిందనుకున్నాడు పార్థసారథి.

ఏప్రిల్ చివరి వారంలో, మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా డ్రైవరు ఫోన్ చేశాడు. పార్థసారథి అలవాటు కొద్దీ ఫోన్ పక్క టేబుల్‌కు అందించాడు. ముందురోజు సాయంత్రం శేషాచార్యులు కొడుకు రోహిత్, వచ్చేవాళ్ల పేర్లన్నీ టైపు చేసి డ్రైవరుకు వాట్సాప్‌లో పంపాడని ఆయనకు తెలుసు. ఆ క్షణంలో మాత్రం తట్టలేదు.

బాషా విన్నాడు. రెండుసార్లు "జీ" అన్నాడు. ఫోన్‌కు అరచెయ్యి అడ్డం పెట్టి ఇటు తిరిగాడు.

"సామీ, లిస్టులో పదిమందే ఉండారంట. ఇంకిద్దరి పేర్లు అడుగుతాండాడు. ఏమని చెప్పాల?"

పార్థసారథి ఎదురుగా ఉన్న ఫైలు తాడు విప్పి, మళ్లీ ముడి వేశాడు. చెప్పాల్సిన రెండు పేర్లు నోటిదాకా వచ్చాయి. పులివెందుల బావ గుర్తొచ్చాడు.

"పదిమందే అని చెప్పు."

బాషా చెప్పాడు. దస్ అన్న మాట పార్థసారథికి అర్థమైంది. అయినా సంభాషణ ఆగలేదు, ఇంకో రెండు నిమిషాలు నడిచింది. బాషా గొంతు పెంచి, తగ్గించి, చివరికి నవ్వి ఫోన్ పెట్టేశాడు.

"ఇద్దరు తక్కువ కదా, తగ్గించుకోమన్నా. పదిహేను వందలు తగ్గిస్తాడంట."

ఫోన్ తిరిగి ఇచ్చి తన పనిలో పడ్డాడు. సాయంత్రం బస్సులో ఎప్పటిలాగే పక్కన కూర్చున్నాడు. ఏమీ అడగలేదు. అడిగితే చెప్పడానికి పార్థసారథి మూడు సాకులు సిద్ధం చేసుకున్నాడు. ఒక్కటీ పనికిరాలేదు.

"బాషాకు తెలిసిపోయింది" అన్నాడు ఇంట్లో.

"ఏమన్నాడు?"

"పదిహేను వందలు తగ్గించినాడు."

రాధమ్మ చేతిలో పని ఆపింది. "ఆ ఇద్దర్నీ రమ్మనండి. అన్నకు నేను చెప్పుకుంటా."

"ఇప్పుడు పిలిస్తే ఏం బాగుంటుంది? వాడే రాడులే" అన్నాడు పార్థసారథి. వస్తాడో రాడో కనుక్కోలేదు. మరునాడు బస్సులో గంటసేపు పక్కనే కూర్చుని కూడా కనుక్కోలేదు.

మే రెండో వారంలో పదిమందీ మనాలి చేరారు. గీజరు పనిచేయలేదని, అద్దెకు గ్యాస్ సిలిండరు దొరకలేదని, మంచు దగ్గరికి డ్రైవరు రానంటున్నాడని ఎనిమిది రోజుల్లో పార్థసారథి ప్రొద్దుటూరుకు పదకొండుసార్లు ఫోన్ చేశాడు. పదకొండుసార్లూ బాషా ఎత్తాడు.