ఆవిడ పాటలో రెండు దెబ్బలు ఎక్కువ

డెబ్భైల చివర్లో, షికాగోలో మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో బట్టలుతికే మిషన్లు రెండే ఉండేవి. అందులో ఒకటి ఎప్పుడూ పనిచేసేది కాదు. కాబట్టి శనివారం పొద్దున నేనూ, మూడో అంతస్తులో ఉండే నల్లజాతి పెద్దావిడా ఒకే మిషను ముందు కూర్చునేవాళ్లం. ఆవిడ వారమంతా ఆసుపత్రిలో రోగుల పక్కదుప్పట్లు మార్చేది. ఆదివారం మధ్యాహ్నాలు మా వీధి చివరి బార్‌లో బ్లూస్ అనే వాళ్ల కష్టాల పాటలు పాడేది. ముప్పై ఏళ్లుగా పాడుతున్నా ఒక్క రికార్డయినా రాలేదు.

నాది ప్రశ్నల జబ్బు. మొదటి లైను రెండుసార్లు ఎందుకు పాడతారు? జనం మధ్యలో కేకలేస్తే కోపం రాదా? ఏడుపు పాటకి అందరూ ఎందుకు నవ్వుతారు? "నువ్వు పోలీసుల్లో చేరాల్సింది," అనేవారు మావారు. ఆవిడ మాత్రం విసుక్కోకుండా అన్నీ చెప్పేది.

ఒక ఆదివారం మావారిని లాక్కుని ఆ బార్‌కి వెళ్లాను. చుట్టూ అందరూ "చెప్పమ్మా, చెప్పు!" అని అరుస్తుంటే, నేను త్యాగరాజ ఉత్సవాల్లో కూర్చున్నట్టు బుద్ధిగా కూర్చుని తొడమీద ఆదితాళం వేస్తున్నాను. పన్నెండేళ్లు సంగీతం నేర్చుకున్న చెయ్యి ఊరుకోదు కదా. లైనుకి సరిగ్గా రెండు ఆవర్తనాలు, పదహారు దెబ్బలు! నా సంతోషం ఇంతా అంతా కాదు. కానీ రెండో లైను చివర ఆవిడ రెండు దెబ్బలు ఎక్కువ తీసుకుంది. ప్రతి చరణంలోనూ అక్కడే. పాపం, గిటారాయన ప్రతిసారీ ముందుకెళ్లిపోయి వెనక్కొచ్చేవాడు.

తర్వాతి శనివారం, ఎవరూ అడక్కుండానే చెప్పేశాను. "మీకు అక్కడ తాళం తప్పుతోందండీ."

ఆవిడ ముఖం వాడిపోయింది. "రికార్డు తీస్తామన్న వాళ్లూ అదే అన్నారు, హనీ. వచ్చే నెల రమ్మన్నారు. లెక్క కుదిరితేనే తీస్తారట. ఈ వయసులో నన్ను మళ్లీ ఎవరు పిలుస్తారు? నువ్వు వేళ్లతో ఏదో లెక్కపెట్టావే, అది నాకూ నేర్పు."

నాకు చెలగాటమైంది ఆవిడకు ప్రాణసంకటమని అప్పుడు తెలిసింది. ఒళ్లు దగ్గరపెట్టుకుని నేర్పాను. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. నాలుగో శనివారానికి గీత గీసినట్టు పాడింది. మా గురువుగారు వింటే మెచ్చుకునేవారని పొంగిపోయాను.

రికార్డు వచ్చింది. మా ఇంట్లో పెట్టుకుని ఆవిడా నేనూ విన్నాం. ఒక్క దెబ్బ తప్పలేదు. ఎందుకో పాట చప్పగా ఉంది. అప్పుడడిగాను, ఆ రెండు దెబ్బలూ అసలెందుకు తీసుకునేవారని.

"ఈ పాట మా అమ్మది. మిసిసిపీలో ఊళ్లోవాళ్ల దుప్పట్లు ఉతికేది. రెండో లైను కాగానే దుప్పటి పిండేది. పిండేదాకా పాట ఆగేది. అవతలి కొస పట్టుకుని నేను నిలబడేదాన్ని."

"మరి ముందే చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా."

సిగ్గుతో చచ్చిపోయాను. లోకంలో ఉన్న ప్రశ్నలన్నీ అడిగి, అడగాల్సింది వదిలేశాను. ఆవిడ రికార్డు మళ్లీ పెట్టమంది. రెండో లైను కాగానే ఆవిడ చేతులు రెండూ వాటంతటవే పైకి లేచి, దేన్నో పిండబోయి ఆగాయి. పాట అప్పటికే ముందుకెళ్లిపోయింది.