తిమ్మత్త పట్టిన చెయ్యి

జాజు అమ్మే మనిషి ఇప్పుడు మా సంతకు ఏడాదికి ఒక్కసారే వస్తాడు. మొన్న నా కోడలు అతని దగ్గర ఒక ఎర్రటి ఉండ కొనుక్కొచ్చి, నీళ్లలో నానబెట్టి, ఆ గిన్నెను నా మంచం పక్కన పెట్టి పనిలో పడి మరిచిపోయింది. తొలివాన పడ్డ చేను వాసనా, నీళ్లలో నానిన పాత ఇనుము వాసనా కలిసినట్టుండే ఆ తడి ఎర్రమట్టి వాసన మెల్లగా లేచి నా ముక్కుకు తగిలింది. దానితోపాటే నా కుడి మణికట్టు చల్లబడింది, ఎవరో అప్పుడే చన్నీళ్లలోంచి తీసిన వేళ్లతో పట్టుకున్నట్టు.

ఈ సంగతి నేను ఎప్పుడో రాయవలసింది. రాయలేకపోయానంటే, మొదటిమాట, నాకు చాలా ఏళ్లు అక్షరాలు రావు. మా కాలంలో ఆడపిల్ల చేతికి చేట వచ్చేది గాని పలక వచ్చేది కాదు. నెత్తి పూర్తిగా నెరిశాక మా ఊళ్లో సాయంత్రం బడి పెట్టారు. నేనూ పోయి కూచున్నాను. చదువు చెప్పే పిల్ల వెనక నుంచి వంగి, బలపం పట్టుకున్న నా మణికట్టు మీద చెయ్యి వేసి 'అ' దిద్దించబోయింది. నేను చెయ్యి ఎంత గట్టిగా గుంజుకున్నానంటే, పలక కింద పడి పగిలింది. "సిగ్గెందుకవ్వా" అని నవ్విందా పిల్ల. సిగ్గు కాదు. ఆ మణికట్టును అంతకుముందే ఒకరు పట్టుకున్నారు, ఇంకా వదల్లేదు. అది ఆ పిల్లకు ఎట్లా చెప్పను? చివరికి ఆమె గోడ మీద రాసి చూపిస్తే, నేను చూసుకుంటూ నా చెయ్యి నేనే తిప్పుకుంటూ నేర్చుకున్నాను. అందుకే ఇంత ఆలస్యం.

మా పుట్టిల్లు గద్వాలకు ఒక పూట నడకలో, కృష్ణ ఒడ్డుకు దగ్గర్లో ఉండేది. ఎర్రమట్టి గోడలు, మట్టి మిద్దె, ముందు బావి ఉన్న వాకిలి, వెనక పశువుల కొట్టం, దాని పక్కన కిటికీ లేని గింజల అర్ర. కార్తీకం పోయి చలి ముదిరితే ఆ ఇంటికి ఒక నెమ్మది వచ్చేది. జొన్న కోతలు అయిపోయి మగవాళ్లు కళ్లం దగ్గరే ఉండేవాళ్లు. ఆడవాళ్లు మిద్దె మీద ఎండకు వీపు పెట్టి, నువ్వులద్దిన సజ్జరొట్టె ముక్క ఒక చేత, ఉడికిన అనపకాయలు ఒడిలో పెట్టుకుని, మాట్లాడీ మాట్లాడకుండా పాతచీరెల బొంతలు కుట్టేవాళ్లు. పొద్దున పొగమంచులో ఎదురిల్లు కనపడేది కాదు, ఆ ఇంటి సవారమ్మ దగ్గు మాత్రం వినపడేది. మధ్యాహ్నం దూదేకుల సాయెబు వచ్చి వాకిట్లో కూచుని తన పెద్ద విల్లును టంయ్ టంయ్ అని మోగిస్తుంటే దూది పింజలు ఎగిరి మా నెత్తుల మీద వాలేవి. నేను ఒక పింజను నోట్లో వేసుకోబోతే, "బిడ్డా, జర ఆగు! దూది తింటే కడుపుల మబ్బు పుడ్తది, ఎండకాలం దాంక ఉరుముతనే ఉంటవ్" అనేవాడు. నేను చాలా రోజులు కడుపు మీద చెవి పెట్టి వినబోయాను. చెవి అందలేదు.

ఇంటిని సింగారించేది కూడా ఆ చలి రోజుల్లోనే. వానలకు పెచ్చులూడిన గోడలకు మన్నూ పేడా పొట్టూ కలిపి మెత్తేవాళ్లు. ఆరాక కింద జాజు పూసి, పైన సున్నంతో పట్టెలూ చుక్కలూ పెట్టేవాళ్లు. ఈతపుల్ల కొన దంచితే పీచు లేచి మంచి కుంచె అయ్యేది. జొన్నదంటు పైతోలు ఒలిచి, లోపలి తెల్లటి బెండును ముక్కలు కోసి, ఒలిచిన ఈనెలతోనే గుచ్చి, బండ్లూ ఎడ్లూ చిలకలూ చేసేవాళ్లు. చిలకల తోకలకు గద్వాల మగ్గాల కింద తెగిపడిన రంగుదారాలు కట్టి దర్వాజాకు వేలాడదీసేవాళ్లు. గాలికి ఆ చిలకలు ఒకదానికొకటి తగిలితే చప్పుడు రాదు. అవి కదిలేది చూసి, చప్పుడు వచ్చిందని మనం అనుకోవాల్సిందే.

ఇవన్నీ చేసేది మా తిమ్మత్త. పేరు తిమ్మక్క, మా నాయినకు చెల్లెలు. కాపురానికి పోకముందే మొగుడు పోయాడట. అతని మొహం ఆమెకు గుర్తు కూడా లేదు. నాకు ఊహ తెలిసేసరికి ఆమె మా ఇంట్లోనే ఉండేది. పొడుగాటి మనిషి, మాట తక్కువ. తొట్టినీళ్లలో ఎప్పుడూ ఏదో ఒకటి కడుగుతూ ఉండటం వల్ల చేతులు చల్లగా ఉండేవి. ఆ చేతికి రానిది లేదు. కాని ఒక కట్టు ఉండేది. గడప లోపల ఏమైనా చేసుకోవచ్చు, గడప మీద జాజూ, గడప బయట ముగ్గూ ఆమె పెట్టకూడదు. మా జేజి, అంటే మా నాయినమ్మ, తిమ్మత్తకు కన్నతల్లి. ఆ కట్టు కాపు కాసేది ఆమే. అందుకని తిమ్మత్త తన పనితనమంతా ఎవరూ రాని గింజల అర్రలో చూపించింది. దీపం పట్టుకుని లోపలికి పోతే ఎర్రటి గోడల నిండా తెల్లటి లేళ్లు, నెమళ్లు, కుండలెత్తుకున్న ఆడవాళ్లు. దీపం కదిలితే వాళ్లూ కదిలేవాళ్లు. అవి చూసేది ఎలుకలూ నేనూ.

ఒక పుష్యమాసంలో మా అమ్మ పురుటి మంచం ఎక్కింది, తమ్ముడు పుట్టాడు. వాకిట్లో ముగ్గు వేసే చెయ్యి లేకపోయింది. జేజికి నడుము వంగేది కాదు. చివరికి నన్ను పంపింది. నేను నాలుగు చుక్కలు పెట్టి, గీత వంకరపోయి, చలికి ముక్కు కారుతూ ఏడుస్తూ కూచున్నాను. అప్పుడు వెనక నుంచి తిమ్మత్త వచ్చింది. నా వెనక గొంతుకూచుని, నా మణికట్టు పట్టుకుంది.

"పిండి నీ ఏళ్లల్లనే ఉండనీ. నేను నడిపిస్త" అంది.

నా చెయ్యి నాది కానట్టు కదిలింది. చుక్కల చుట్టూ గీత తిరిగింది, మెలికపడింది, మళ్లీ వచ్చి కలిసింది. తల ఎత్తితే గడపలో జేజి నిలబడి ఉంది. తిమ్మత్త వేళ్లు నా మణికట్టు మీద బిగుసుకున్నాయి. జేజి ముగ్గునూ, ఆ వేళ్లనూ చాలాసేపు చూసింది. తిమ్మత్త వేళ్లకు పిండి అంటలేదు.

"ఏసింది పిల్లనే. నువ్వు చెయ్యి పట్టుకున్నవ్, గంతే" అని లోపలికి పోయింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో అదే చట్టం అయింది. పొగమంచు విడిచేసరికి ఎదురింటి సవారమ్మ చీపురు చేతబట్టుకుని మా వాకిట్లో ఉండేది. "ఓయమ్మో, కోడి గీరినట్ల గీకే పొట్టిది రాణిగారి కోడలు లెక్క ఏసిందేందే! మా ఇంటికి గూడ రాయే, రెండు అనపకాయలిస్త" అనేది. జేజి మీసం లేని చోట మీసం దువ్వుకున్నట్టు నవ్వి, "నా మనుమరాలు మరి" అనేది. తలుపు వెనక తిమ్మత్త నిలబడి ఆ మాటలన్నీ వినేది. తనను ఎవరూ మెచ్చుకోలేదని ఆమె బాధపడ్డట్టు నేను ఎప్పుడూ చూడలేదు. ముగ్గు బాగా వచ్చిన రోజు మాత్రం నా అరచెయ్యి తిప్పి, అందులో అంటిన తెల్లటి పొడిని కాసేపు చూసేది.

ఆ నెలంతా ఆమె మనసులో ఒక పెద్ద మెలికల ముగ్గు తిరుగుతూ ఉండింది. గింజల అర్రలో నేల మీద బూడిద పరిచి, వేలితో గీసేది, చెరిపేసేది. ఎక్కడా చెయ్యి ఎత్తకుండా ఒకటే గీత వాకిలంతా తిరిగి, చివరికి గడప దగ్గర మొదలైన చోటికే వచ్చి కలవాలి. అదొక్కటి తన చేత్తో తను వెయ్యాలని ఆమెకు ఆశ పుట్టింది. ఒక మధ్యాహ్నం బొంత కుడుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"అమ్మా, గదొక్కటి నేను ఏస్త. మబ్బులనే, తెల్లారకముందే ఏస్త, ఎవ్వరు సూడరు."

"సూసెటోళ్లు లేకుంటే ముగ్గెందుకే?" అంది జేజి.

"గడప సూస్తది."

జేజి సూది ఆగింది. లోపల ఉయ్యాలలో నా తమ్ముడు కదిలాడు. జేజి అటువైపు చూసి, "పసిపోరడున్న ఇల్లు బిడ్డా. నాకు భయమైతది. నన్నడగకు" అంది. కోపంగా అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది. తిమ్మత్త మళ్లీ అడగలేదు. దారం కొరికి, కొత్త పోగు ఎక్కించుకుంది.

సరే, నా చేత్తోనే వేద్దామనుకున్నాం. తీరా ఆ పొద్దున లేచేసరికి ఆమెకు చలిజ్వరం. పళ్లు టకటకమంటున్నా నా వెనక వచ్చి కూచుంది. ఎప్పుడూ చల్లగా ఉండే చెయ్యి ఆ రోజు కాలుతూ ఉంది. పొగమంచులో గీత మొదలైంది, బావి దాకా పోయింది, రోలు చుట్టూ తిరిగింది. మేమిద్దరం కప్పల్లాగా గొంతుకూచునే జరుగుతూ పోయాం. గడప ఇంకో జానెడు దూరంలో ఉందనగా, ఆఖరి మలుపు దగ్గర, ఆమె వేళ్లు సడలాయి. వెనక్కి చూస్తే గోడకు ఆనుకుని కూచుంది.

"పో... నువ్వే కలుపు" అంది.

నేను చెయ్యి చాపాను. ఎటు తిప్పాలో నా చేతికి తెలియలేదు. అంతకాలం నేర్చుకున్నది నా చెయ్యి కాదు. అమ్మా అని కేక పెట్టాను. జేజి వచ్చింది. ఇద్దరు ముగ్గురు వచ్చి ఆమెను లోపలికి మోసుకుపోయారు. పొద్దెక్కింది. వాకిట్లో ఆ గీత కలవకుండా అట్లాగే ఉండిపోయింది. కలవని ముగ్గు ఇంటికి మంచిది కాదని సవారమ్మ పిండి తెచ్చి కలపబోతే, జేజి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "దానిది అదే కలుపుకుంటది" అంది. ఆ జ్వరం దిగలేదు. తిమ్మత్త మళ్లీ వాకిట్లోకి రాలేదు. ఆమెను పాడె మీద మోసుకుపోయినవాళ్ల కాళ్ల కింద ఆ ముగ్గు చెరిగింది.

ఆ ఏడు మైల కాబట్టి మా ఇంటికి జాజు లేదు, సున్నం లేదు, ముగ్గు లేదు. దర్వాజాకు వేలాడే బెండు చిలకలు రంగు వెలిసి, తోకలు ఊడి, ఒక్కటొక్కటే రాలిపోయాయి. మరుసటి చలికాలం మళ్లీ గోడలు మెత్తారు గాని, గింజల అర్ర మాత్రం ముట్టొద్దని జేజి అంది. పగటిపూట ఆమె దీపం పట్టుకుని లోపలికి పోయి, తలుపు దగ్గరికి వేసుకుని, చాలాసేపటికి బయటికి వచ్చేది. గింజలేమీ తెచ్చేది కాదు.

నన్ను ముగ్గుకు పంపారు. చిన్నవన్నీ వచ్చాయి. ఆ పెద్దదాన్ని మొదలుపెడితే బావి దాకా పోయేది, రోలు చుట్టూ తిరిగేది. ఆఖరి మలుపు దగ్గరికి రాగానే మణికట్టు చల్లబడేది, చెయ్యి నిలిచిపోయేది. భయంతో చేత్తో తుడిచేసి లోపలికి పరుగెత్తేదాన్ని. పెళ్లై వనపర్తి వైపు వచ్చాక అక్కడి వాకిట్లోనూ ఒకసారి వేసి చూశాను. అక్కడా అంతే. మళ్లీ ఆ ముగ్గు జోలికి పోలేదు.

జేజి పోయింది. సవారమ్మ దగ్గు ఆగిపోయింది. చాలా ఏళ్ల తర్వాత కృష్ణ మీద ఆనకట్ట కట్టినప్పుడు మా ఊరు నీళ్లకిందికి పోయింది. రాతిగోడలైతే ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు తేలతాయట. మాది మట్టి ఇల్లు. లేళ్లూ నెమళ్లూ కుండలెత్తుకున్న ఆడవాళ్లూ, ఎర్రమన్నుతో సహా ఏటిలో కరిగిపోయి ఉంటారు. తమ్ముడు చూపిస్తే ఒకసారి ఒడ్డున నిలబడి చూశాను. నీళ్లు మామూలు రంగులోనే ఉన్నాయి.

ఇప్పుడు బొంతలు కుట్టేవాళ్లు లేరు, దుకాణంలో దుప్పట్లు దొరుకుతాయి. దూదేకుల విల్లు చప్పుడు విన్నవాళ్లు మా వీధిలో నేనొక్కదాన్నే. నా ఇంటాయన పోయి కొన్నేళ్లయింది. నా కోడలు మంచిది, నాకు ఏదీ వద్దని చెప్పదు. కాని ఆయన పోయిన నాటి నుంచి ముగ్గుడబ్బా నా చేతికి ఎవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. అడగకుండా ఉండటం ఎట్లా ఉంటుందో తిమ్మత్త దారం కొరికినప్పుడు చూశాను గాని, అర్థమైంది ఇప్పుడు.

ఇంతవరకు రాసి నిన్న దీపాలు పెట్టే వేళకు ఆపేశాను. ఇది పూర్తయిందనుకున్నాను. కాలేదు.

ఈ రోజు పొద్దున కోడలు లేవకముందే లేచి, తొట్టినీళ్లతో వాకిలి చల్లాను. డబ్బా తీసుకుని గడప దగ్గర కూచున్నాను. మోకాళ్లు మొరాయించాయి. అయినా చుక్కలు పెట్టాను, గీత మొదలుపెట్టాను. ఇక్కడ బావి లేదు, కుళాయి దాకా పోయాను. రోలు లేదు, కోడలి తులసికుండీ చుట్టూ తిరిగాను. ఆఖరి మలుపు దగ్గర మణికట్టు చల్లబడింది. ఈసారి నేను తుడవలేదు, లేవలేదు. ఆ చలిని అట్లాగే ఉండనిచ్చి, చెయ్యి వదులు చేసి కూచున్నాను. చెయ్యి ఎడమకు తిరిగింది. నేను ఇన్నేళ్లూ కుడికి అనుకుంటున్నాను. గీత పోయి మొదలైన చోట కలిసింది.

తలుపు తీసుకుని చీపురుతో వచ్చిన కోడలు గడపలోనే ఆగిపోయింది. ముగ్గును చూసింది, నన్ను చూసింది.

"ఎవరేసిండ్రు అత్తమ్మా?"

"మా తిమ్మత్త ఏసింది" అన్నాను. "చెయ్యి నాది, గంతే."