గవర్నరు గెలిస్తే సంతకం

ఎమర్జెన్సీ పెట్టిన ఏడాది మా ఊరి గ్రంథాలయంలో మన దేశపు ఎన్నికల గురించి మాట్లాడటం ఆగిపోయింది. ఆపమని ఎవరూ అనలేదు. ఒకరోజు కలప డిపో గుమాస్తా అలవాటుగా ఏదో అనబోతే, రిటైరైన హెడ్మాస్టరు కిటికీ వైపు ఒకసారి చూసి పత్రిక పేజీ తిప్పాడు. అంతే. ఆ రోజు నుంచి మాట అమెరికా మీదికి మళ్లింది. అక్కడ వచ్చే ఏడాది అధ్యక్షుడి ఎన్నిక. ఎవరు నిలబడతారు, ఎవరు గెలుస్తారు అని ఎంత గట్టిగా అరుచుకున్నా ఏ పోలీసూ పట్టించుకోడు కదా.

అశ్వారావుపేట నుంచి భద్రాచలం వెళ్లే దారిలో, బస్సులు ఆగి నీళ్లు పోసుకునే చిన్న బస్తీ మాది. గ్రంథాలయం వెనక గోడ దాటితే టేకు అడవే. ఖమ్మం బస్సులో పత్రిక మధ్యాహ్నానికి వచ్చేది. సాయంత్రం నాలుగింటికి తలుపులు తీయగానే మధ్య బెంచీ నిండిపోయేది. హెడ్మాస్టరును అందరూ పెద్దసారు అనేవాళ్లు. పత్రిక ముందు ఆయన చేతికే వెళ్లేది.

నేను అప్పుడు గిరిజన బాలికల హాస్టల్లో రోజుకూలీ వంటమనిషిని. అయిదో తరగతి వరకు చదివాను. సాయంత్రం కూరగాయలకు బయటికి వచ్చినప్పుడు ఒక అరగంట మిగిల్చుకుని, మూడో అల్మారా పక్కనున్న స్టూలు మీద కూర్చుని చదివేదాన్ని. పుస్తకం ఇంటికి తీసుకెళ్లాలంటే కార్డు కావాలి. కార్డు కావాలంటే ఇంటిపన్ను కట్టే మనిషో, సర్కారు నౌకరీ ఉన్న మనిషో జామీను సంతకం పెట్టాలి. మాది కిరాయి గది. నా భర్త లారీ మీద తిరిగేవాడు. వార్డెనమ్మను అడిగితే, "పుస్తకం పోతే నా మెడకు చుట్టుకుంటది, నాకెందుకమ్మా" అంది. లైబ్రేరియన్ మంచివాడే కానీ రూలు రూలే అనేవాడు. పనిలో ఊపిరి దొరికేది మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా. సరిగ్గా ఆ వేళకే గ్రంథాలయానికి తాళం.

అరగంట చొప్పున నవల చదవడం ఎలా ఉంటుందో చదివినవాళ్లకే తెలుసు. ఒకసారి గోదావరి వరదలో నావ మునుగుతున్న చోట ఆపి వెళ్లాను. మర్నాడు వచ్చేసరికి ఎవరో ఆ పుస్తకం ఇంటికి పట్టుకెళ్లారు. పదిహేను రోజులు ఆ మనుషులు నీళ్లలోనే ఉన్నారు. తిరిగి వచ్చిన పుస్తకం నా చేతికి అందేలోగా ఇంకొకరు తీసుకుపోయారు. అప్పుడు బుద్ధి తెచ్చుకుని, ఎవరికీ ఇంటికివ్వని పుస్తకాల మీద పడ్డాను. మూడో అల్మారాలో అక్షర క్రమంలో పేర్చిన విజ్ఞాన సర్వస్వం లావు సంపుటాలు. వాటిని ఎవరూ ఎత్తుకెళ్లరు, ఎవరూ తెరవరు కూడా. 'అ' సంపుటంలోనే నాకు నాలుగు నెలలు గడిచాయి. అడవి, అణువు, అద్దం, అమెరికా.

ఆ చలికాలం ఒక సాయంత్రం పెద్దసారు పత్రికలోంచి అమెరికా ఎన్నికలో నిలబడబోయేవాళ్ల పేర్లు చదువుతున్నాడు. డిపో గుమాస్తా ఇప్పుడు కుర్చీలో ఉన్నాయనే మళ్లీ వస్తాడన్నాడు. పెద్దసారు వాళ్ల పెద్దల సభలోని పేరుమోసిన సెనేటరు ఒకాయన గెలుస్తాడని పట్టుబట్టాడు.

"చివర్లో ఇంకో పేరు కూడా వేశాడోయ్," అన్నాడు పెద్దసారు. ఆయనది మధిర అవతల, కోస్తా వైపు మాట. "దక్షిణాన ఏదో రాష్ట్రానికి గవర్నరుగా చేసి దిగిపోయాడట. సేద్యం ఉందట."

గుమాస్తా పగలబడి నవ్వాడు. "గవర్నరా! గవర్నరుకు ఎలచ్చన్ల ఏం పని సారూ? రిబ్బన్ కోసి, చాయ్ తాగి పోవాలె గని. ఢిల్లోళ్లు పంపితే వస్తడు, పొమ్మంటే పోతడు. గాయనకు ఓటెవడేస్తడు? ఆయన తోటమాలి గూడ వెయ్యడు."

బెంచీ అంతా నవ్వింది. పెద్దసారు కూడా నవ్వి, "వయసు మళ్లినవాళ్లకిచ్చే పదవి అది. పాపం, ఆశపడ్డాడు," అన్నాడు.

అప్పటికి రెండేళ్లుగా ఆ స్టూలు మీద కూర్చుంటున్నాను, ఒక్కనాడూ నోరు తెరవలేదు. ఆ రోజు ఎందుకో ఆగలేకపోయాను.

"అమెరికల గవర్నరును ఢిల్లీ లెక్క పైనోళ్లు పంపరు సారూ. జనమే ఓటేసి గెలిపిస్తరు. మన ముఖ్యమంత్రి లెక్క రాష్ట్రమంత ఆయనే నడుపుతడు."

అందరి తలలూ ఒకేసారి ఇటు తిరిగాయి.

"నీకెవరు చెప్పారమ్మా?" అన్నాడు పెద్దసారు.

"గీ అల్మారల లావు పుస్తకం. కుడిచేతి పేజీల, కిందికెల్లి ఉంటది. నన్నడిగితే ఆ గవర్నరే గెలుస్తడు సారూ."

"ఓహో! అదికూడా పుస్తకంలో ఉందా?"

"అది మా వంటింట్ల ఉంది సారూ. పోయినేడు మా హాస్టల్ల కందిపప్పు మాయమైంది. అప్పటి వార్డెన్‌ను తీసేసిండ్రు. స్టోరురూము తాళం మల్ల ఆ ఆఫీసుల ఉన్నోళ్లకు ఇయ్యలే, ఎక్కన్నుంచో కొత్త మనిషిని తెచ్చిండ్రు. వంటింట్ల దొంగతనం దొరికితే ఆ వంటింట్ల ఉన్నోళ్లందరి మీద అనుమానముంటది. అమెరికల గూడ ముందటి అధ్యక్షుడు తప్పుడుపని బయటపడి అట్లనే దిగిపోయిండు గద. ఇంక రాజధానిల తిరిగెటోళ్లను జనం నమ్మరు. బయటోడే కావాలంటరు."

"అరె, అమెరికాను తెచ్చి పప్పుల వేసింది!" అన్నాడు గుమాస్తా. ఈసారి నవ్వుకు పైకప్పు మీది పావురాలు లేచాయి.

పెద్దసారు మాత్రం నవ్వలేదు. ముప్పై ఏళ్లు పౌరశాస్త్రం చెప్పిన మనిషి. వంటమనిషి తప్పు దిద్దింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"సరే అమ్మా. నువ్వు కార్డు కోసం తిరుగుతున్నావని విన్నాను. గవర్నరు గెలిస్తే నీ కాయితం మీద నేనే సంతకం పెడతా. గెలవకపోతే నువ్వు మళ్లీ ఆ అల్మారా వైపు రాకూడదు. సరేనా?"

"అవ్ సారూ," అన్నాను.

లైబ్రేరియన్ దరఖాస్తు ఫారం తీసి నా చేత నింపించి, జామీను గడి ఖాళీగా ఉంచి సొరుగులో పెట్టాడు. బీరకాయల సంచి మోసుకుని హాస్టల్ గేటు దాకా వచ్చాకగాని నేనేం చేశానో నాకు తెలిసిరాలేదు. లేని కార్డు కోసం ఉన్న పుస్తకాలను ఒడ్డాను.

ఆ మర్నాటి నుంచి నా పేరు గవర్నరమ్మ అయింది. గుమాస్తా నన్ను చూడగానే, "గవర్నరమ్మా, మీ ఆయన ఇయ్యాల ఇంకో రాష్ట్రం కొట్టిండట!" అని అరిచేవాడు. ఆ మాట బజారులో పడి నా భర్త చెవికి చేరింది. "నేను లారీ మీద పోంగ ఇంకో ఆయననా? గది గూడ గవర్నరా?" అని నవ్వాడు. ఏ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చడానికి కూడా అక్కడ రాష్ట్రాలవారీగా జనం ఓట్లు వేస్తారని చెప్పినప్పుడు గుమాస్తా నమ్మలేదు. "టికెట్టు జనాన్ని అడిగి ఇస్తరా?" అని, తనే నాలుక కరుచుకుని కిటికీ వైపు చూశాడు.

ఎండాకాలం గడిచింది. మా గవర్నరుకు వాళ్ల పార్టీ టికెట్టు వచ్చింది. సెనేటరు ఎక్కడో రాలిపోయాడు. బెంచీ మీద నవ్వులు తగ్గాయి. ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి 'అ' సంపుటం అల్మారాలో లేదు. మధ్య బల్ల మీద తెరిచి ఉంది, మధ్యలో పెద్దసారు కళ్లజోడు పెట్టె.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం ఆయన హాస్టల్‌కే వచ్చాడు. నేను పిల్లలతో కలిసి చింతపండు గింజలు తీస్తున్నాను. ఆయన వంటింటి గడప అవతల నిలబడి జేబులోంచి నా దరఖాస్తు తీశాడు. జామీను గడిలో సంతకం ఉంది.

"చదివానమ్మా. నువ్వు చెప్పినట్టే ఉంది. ముప్పై ఏళ్లు పిల్లలకి గవర్నరంటే ఎక్కడైనా గవర్నరే అని చెప్పాను. ఇది తీసుకో. పందెం సంగతి వదిలేయ్."

చెయ్యి చాపితే కార్డు నాది. చింతపండు అంటిన చేతులు కొంగుకు తుడుచుకున్నాను.

"వద్దు సారూ. గవర్నరు గెలిస్తే అన్నరు. గెలవనియ్యుండ్రి."

"గెలవకపోతే?"

"గప్పుడు అల్మారా దిక్కు రాను."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, కాగితం చించేసి వెళ్లిపోయాడు. నాతో పనిచేసే అక్క నెత్తి కొట్టుకుంది. "నోటికాడి బువ్వను ఎవలన్న కాలదన్నుకుంటరా పిల్లా? నీ పుస్తకాలల్ల గిదే నేర్పుతరా?" నాకు తెలిసింది ఒక్కటే. జాలిపడి ఇచ్చిన కార్డుతో చదివితే ప్రతి పేజీలోనూ ఆయన మొహమే కనబడేది. నేను చెప్పింది నిజమని బెంచీ మొత్తం ఎదుట తేలాలి.

కార్తీకం చలిలో ఆ రోజు వచ్చింది. వార్డెనమ్మ గదిలో రేడియో వార్తలు మొదలయ్యే సమయానికి నేను పిల్లలకు చారు పోస్తున్నాను. అమెరికా అన్న మాట వినగానే గరిటె అలాగే పట్టుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తాను. వార్తలు చదివే ఆయనకు తొందరేమీ లేదు. వాక్యం చివరికి వచ్చేసరికి గరిటెలోని చారంతా నా కాళ్ల మీద పడింది. నేను అరిచిన అరుపుకు నూట ఇరవైమంది పిల్లలూ లేచి నిలబడ్డారు. "ఏమైందక్కా?" అన్నారు. "గవర్నరు గెలిచిండు!" అన్నాను. ఎవరి గవర్నరో, ఏం గెలిచాడో వాళ్లకు తెలియదు. కానీ కంచాలు గ్లాసులతో వాయించి హాస్టల్ పైకప్పు ఎగరగొట్టారు. వార్డెనమ్మ తిట్టడానికి వచ్చి, నా మొహం చూసి ఊరుకుంది.

మర్నాడు నేను వెళ్లేసరికి మధ్య బెంచీలో ఒక చోటు ఖాళీగా ఉంది. పెద్దసారు లేచి నిలబడి పత్రిక నాకిచ్చాడు. "ముందు నువ్వు చదువమ్మా. పైకి చదువు, అందరూ వింటారు." చదివాను. పేరు దగ్గర రెండుసార్లు తడబడ్డాను, ఎవరూ నవ్వలేదు. లైబ్రేరియన్ కొత్త ఫారం తీశాడు. పెద్దసారు పెన్ను విదిలించి, అరచేతిలో గీసి చూసుకుని, ఎప్పుడూ పెట్టనంత పెద్దగా సంతకం పెట్టాడు. "పప్పు ఉడికింది సారూ," అన్నాడు డిపో గుమాస్తా. అదే ఆయన ఓటమి ఒప్పుకోవడం.

ఆ తర్వాత ప్రతి నాలుగేళ్లకూ అమెరికా ఎన్నికలు వస్తే ఆ బెంచీ నన్నే అడిగేది. వరుసగా రెండోసారి కూడా గవర్నరుగా చేసినాయనే గెలుస్తాడన్నాను, గెలిచాడు. ఒకసారి మాత్రం నేను నమ్మిన గవర్నరు చిత్తుగా ఓడిపోయాడు. గుమాస్తా ఆ ఒక్కదాన్నీ చనిపోయేదాకా అందరికీ చెప్పాడు. హాస్టల్లో నన్ను పర్మినెంటు చేశాక నా సంతకానికీ విలువ వచ్చింది. ఎంతమంది పిల్లల కార్డుల మీద జామీను పెట్టానో లెక్కలేదు. ఒక్క పుస్తకం పోలేదు.

అయితే ఆ సాయంత్రం సంగతి ఇంకా ఉంది. కార్డు చేతికి రాగానే నేను అడిగిన పుస్తకం ఆ వరద నవల. అదృష్టం, అల్మారాలోనే ఉంది. వంకాయల సంచిలో పైన పెట్టుకుని తెచ్చాను. మర్నాడు ఒంటిగంటకు పిల్లలు తిన్న గిన్నెలు తోమి బోర్లించి, వంటింటి గడప మీద కూర్చున్నాను. అటు గ్రంథాలయానికి తాళం పడింది. ఇటు నేను పుస్తకం తెరిచాను. నావ మునిగిన చోటి నుంచి మొదలుపెట్టి, నాలుగు కొట్టేలోగా అందరినీ ఒడ్డుకు చేర్చాను.