ఒడీల్ అర్జీ, అధ్యక్షులవారి మౌనం

ఒడీల్ ప్రెవాల్ పారిస్‌లో ఇరవై ఆరేళ్లుగా పరిపాలనా న్యాయశాస్త్ర అధ్యయన సంఘానికి గుమాస్తా. పాంథెయాన్ అనే స్మారక భవనం వెనక సందులో, మూడో అంతస్తులో ఆఫీసు. నూట పద్నాలుగు మంది పండితుల వ్యాసాలు టైపు చేసేది ఆమె, తప్పులు దిద్దేది ఆమె, వార్షిక భోజనంలో గోడవార నిలబడి మినిట్స్ రాసేదీ ఆమే. బల్ల దగ్గర కుర్చీలు సభ్యులకే.

జూన్‌లో ఆమె రిటైర్మెంట్. ఈలోగా ఒక్కసారైనా ఆ బల్ల దగ్గర కూర్చుని దూడమాంసం కూర వేడివేడిగా తినాలని ఆమె కోరిక. ఇరవై ఆరేళ్లు వంటింట్లో చల్లారిన కూర తిన్న మనిషికి అది చిన్న కోరికేం కాదు.

సభ్యత్వానికి అర్జీ రాసింది. అర్జీలు తీసుకునేదీ తనే గనుక తన కాగితం తనే అందుకుని, ముద్ర కొట్టి, తనకు తనే రసీదు ఇచ్చుకుని, అధ్యక్షుడు ప్రొఫెసర్ బ్రిసార్ ఫైల్లో పెట్టింది.

మౌనం అర్ధాంగీకారం అంటారు. మిగతా సగం సంగతి తేల్చడానికి బ్రిసార్ ఆరువందల పేజీలు రాశాడు. అర్జీకి ప్రభుత్వం రెండు నెలలు పలకకపోతే ఒప్పుకున్నట్టే అని మొదటి పేజీలో ఉంటుంది. ఎక్కడెక్కడ ఒప్పుకోనట్టో మిగతా పేజీల నిండా ఉంటుంది. ఇంత రాసినవాడు తన ఫైలు మాత్రం తెరవడు.

రెండు నెలలు గడిచాయి. ఒడీల్ సభ్యుల జాబితాలో తన పేరు చేర్చి, సంఘం పత్రికలో అచ్చు వేయించి అందరికీ పంపింది. పండితులు ఎవరి వ్యాసం వాళ్లే చదువుకుంటారని ఆమెకు తెలుసు. ఇంకో నాలుగు నెలలు ఎవరూ కిక్కురుమనలేదు.

భోజనం నాడు వచ్చి బ్రిసార్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మేడమ్, అది సభ్యుల కుర్చీ."

"సభ్యురాలినే, అధ్యక్షులవారూ. అర్జీ పెట్టాను. మీరు పలకలేదు."

ఆ సూత్రం ప్రభుత్వానికే గాని మనకెందుకని ఒకాయన గొణిగాడు. నియమావళిలో లేని చోట ప్రభుత్వానికి చెల్లేదే సంఘానికీ చెల్లుతుందని పూర్వులు గొప్పకు పోయి రాసుకున్నారని ఇంకొకాయన గుర్తుచేశాడు. అక్కణ్ణుంచి నలుగురూ నాలుగు వాదాలు ఎత్తుకున్నారు. సూప్ చల్లారిపోయింది.

బ్రిసార్ చెయ్యెత్తాడు. "సరే, మౌనంగా ఇచ్చామే అనుకుందాం. పొరపాటున ఇచ్చాం. ఇప్పుడే వెనక్కి తీసుకుంటున్నాను."

"ఇచ్చిన నాలుగు నెలల్లోపైతే తీసుకోవచ్చండి. మీ పుస్తకంలో నాలుగువందల పన్నెండో పేజీ, నేనే టైపు చేశాను. గడువు నిన్నటితో అయిపోయింది."

బ్రిసార్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టాడు.

"మరి మినిట్స్ ఎవరు రాస్తారు?" అన్నాడు చివరికి.

ఒడీల్ మినిట్స్ పుస్తకాన్ని ఆయన పళ్లెం పక్కకు జరిపింది. అంతలో కూర వచ్చింది, పొగలు కక్కుతూ. మొదటి ముద్దకే నాలుక చుర్రుమంది. ఆ సంతోషంలో కళ్లు చెమర్చినా ఆమె తుడుచుకోలేదు.

బ్రిసార్ కలం మూత తీసి, ఖాళీ పేజీ వంక చూశాడు.

"ఎలా మొదలుపెట్టాలి, మేడమ్?"

"తేదీ వెయ్యండి," అంది ఒడీల్, నోట్లో ముద్దతోనే. "తర్వాత హాజరైన సభ్యుల పేర్లు. నాది మర్చిపోకండి."