పార్కు మూల గునుగు

మా కాలనీలో పార్కు అనే పేరు ముందు వచ్చింది, మొక్కలు తరువాత వచ్చాయి. ఎల్బీ నగర్ వైపు ప్లాట్లు చేసినప్పుడు వదిలేసిన జాగా అది. చుట్టూ ప్రహరీ, నడవడానికి ఒక బాట, రెండు సిమెంటు బెంచీలు. గేటు మీద ‘పూలు కోయరాదు’ అని బోర్డు. నాకు వచ్చిన చదువుకు ఆ బోర్డు సరిపోయేది. నేను దాన్ని ఎన్నడూ మీరలేదు. వెనక మూల వానలకు దానంతటది మొలిచే గునుగును కమిటీలో ఎవరూ పువ్వుగా లెక్కపెట్టలేదు కాబట్టి, ప్రతి ఏడూ బతుకమ్మకు దాన్నే కోసుకునేదాన్ని. మట్టి ఊరికే ఇచ్చేదానికి బజారులో పైసలు పెట్టడం నా వల్ల కాదు.

పొద్దున నడకకు నాకు తోడు ఎదురింటావిడ. గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. షుగరు ఇద్దరికీ ఉంది, మాటలు ఇద్దరికీ తక్కువ. ఆమె ఇంటి సంగతులు చెప్పదు, నేను అడగను. మా కాలనీలో నాతో సమానంగా నడిచే ఆడమనిషి ఆమె ఒక్కతే. మిగతావాళ్లు నడవడానికి వచ్చి బెంచీల మీద కూర్చుంటారు.

తెలంగాణ కోసం పెద్ద సమ్మె జరుగుతున్న ఏడాది అది. బస్సులన్నీ డిపోల్లోనే ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద పిల్లలు క్రికెట్ ఆడుకున్నారు. పార్కు కన్నా అదే వెడల్పు. ప్రతి ఏడూ నల్లగొండ ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చే తంగేడు పువ్వు ఈసారి రాలేదు. ఎవరి ఇంటి ముందు వాళ్లు కాకుండా అందరం కలిసి పార్కులోనే సద్దుల బతుకమ్మ ఆడాలని ఆడవాళ్లు నిర్ణయించారు. పువ్వు సంగతి నేను చూసుకుంటానని మాటిచ్చాను.

పండుగకు ముందు రోజు పొద్దున వెళ్లేసరికి ఆ మూల నున్నగా, గుండు చేయించినట్టు ఉంది. ఎదురింటావిడ అక్కడే నిలబడి ఉంది. ఆ ఏడు పార్కు బాగోగులు కమిటీ ఆమెకు అప్పగించింది.

“రేపు మీ పండగ కదా వదినగారూ, ఆడవాళ్లంతా వస్తారు, పాములుంటాయేమోనని నిన్న మనిషిని పెట్టి ఆ పిచ్చిమొక్కలన్నీ కొట్టించేశానండీ,” అంది సంతోషంగా.

“మంచిగ చేసినవ్ వదినా,” అన్నాను. “గవే మా పండుగ.”

ఆమె ముఖం మాడిపోయింది. నేను నడక మొదలుపెట్టాను. ఆమె నడవలేదు.

బెంచీల మీదివాళ్ల చెవిన పడ్డ ఆ పిచ్చిమొక్కలనే మాట మధ్యాహ్నానికల్లా కాలనీ అంతా తిరిగింది. ఆడవాళ్లు మా ఇంటి ముందు చేరారు. అందరికన్నా ముందు వెనక గల్లీ కోడలు ఉంది. ఆమె మొగుడు బస్సు కండక్టరు, సమ్మెలో ఉన్నాడు. కోపం చూపడానికి ఆమెకు తీరిక దొరికింది.

“చూసినవా పెద్దమ్మా! మన పువ్వు వాళ్లకు పిచ్చిమొక్కనట. గా ఇంటి ముంగటికే పోయి అడుగుదాం, పా!”

ఆ రోజుల్లో ఒక ఇంటి ముందు గుంపు నిలబడితే ఆ మాట అక్కడితో ఆగేది కాదు. ఎదురింటావిడ మళ్లీ పార్కులో అడుగు పెట్టదు. నాకు మరో తోడు దొరకదు.

“మీ అత్తగారికి జొన్నచేను ఉన్నది గదా?” అని అడిగాను.

“ఉన్నది. అయితేంది?”

“చేన్ల గునుగు మొలిస్తే ఏం జేస్తవ్?”

ఆమె అటూ ఇటూ చూసి, “పీకేస్తం,” అంది.

“దండం పెట్టి పీకుతవా?”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె అంత తేలిగ్గా ఓడిపోయే మనిషి కాదు. “మాటలు మంచిగనే ఉన్నయి పెద్దమ్మా. మరి రేపేం పేరుస్తవ్? నీ కొంగు పేరుస్తవా?”

లేచి పార్కుకు పోయాను.

కొట్టిన మొక్కలన్నీ వెనక గోడ పక్కన కుప్పగా పడి ఉన్నాయి. చెత్త బండి కూడా సమ్మెలోనే ఉంది. ఆకు వాడిపోయింది కానీ పువ్వు అలాగే ఉంది. గునుగు అంత తొందరగా వాడదు. వెనక్కి వచ్చి ఎదురింటి తలుపు కొట్టాను.

“కొట్టించినదానివి నువ్వే. ఏరనీకి రా,” అన్నాను.

ఆమె పీట, కళ్లజోడు, కత్తెర తెచ్చుకుంది. ఇద్దరం కుప్ప దగ్గర కూర్చున్నాం. కాసేపటికి గుంపు కూడా వచ్చింది. కండక్టరు భార్య చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది.

“కాడ గంత పొట్టిగ కోస్తే పేర్చుడెట్ల?” అంది. ఎదురింటావిడతో కాదు, కుప్పతో అన్నట్టు.

“ఇంత ఉంటే చాలా అమ్మా?” అని ఎదురింటావిడ ఒక కాడ ఎత్తి చూపించింది.

“ఇంకింత పొడుగుండాలె. జర ఆకు దులుపుండ్రి,” అంటూ కండక్టరు భార్య కూర్చుంది. కూర్చున్నాక తిట్టడం కష్టం.

మర్నాడు సాయంత్రం పార్కు మధ్యలో బతుకమ్మను పెట్టాం. ఒక పక్కకు ఒరిగింది. ఒరగని పక్క పేర్చింది నేనని ఎవరితోనూ చెప్పలేదు. ఆట ముగిశాక ఎవరో ‘జై తెలంగాణ’ అన్నారు, అందరం అందుకున్నాం. ఎదురింటావిడ అనలేదు, అక్కడి నుంచి పోనూ లేదు. తాను చేసుకొచ్చిన పులిహోర పంచుతూ ఉంది. పులిహోర వద్దన్నవాళ్లు నాకు కనబడలేదు.

తెల్లారి గేటు దగ్గర నా కోసం నిలబడి ఉంది. నడిచాం.

మేం ఆకు దులిపినప్పుడు రాలిన గింజ ఊరుకోలేదు. మరుసటి ఏడు వానలకు కమిటీ వేయించిన పచ్చగడ్డిలో, క్రోటన్ల మధ్య, బాట అంచుల్లో ఎక్కడ చూసినా గునుగే. తోటపని మనిషి కొడవలితో వచ్చాడు.

“ఆగవయ్యా,” అంది ఎదురింటావిడ, నడక వేగం తగ్గించకుండానే. “పండగ అయ్యేదాకా వాటి జోలికి వెళ్లకు.”

పండుగ అయిన మర్నాడే అన్నీ పీకించింది. మంచుకు నేల మెత్తగా ఉందని బాట పక్కన ఉన్నవి నేనే పీకాను.